రెండో పేరు లేని కార్డు

కరేవా కొండ పోస్టు,
ఆగస్టు మొదట్లో

తేతే ఇమాస్‌కు, తమ్ముడు యయత్ సలాములు.

అక్కా, నీ పెట్టె మళ్ళీ బిగుసుకుపోయింది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం స్థిమితంగా చదువుకుంటావని మొదట రాస్తున్నాను. బాండుంగ్‌లో మీ వర్క్‌షాపు నుంచి దాన్ని నా చేతికిచ్చేటప్పుడు నెత్తిమీద తట్టి మరీ చెప్పావు, "ఇది చెడిపోయే రకం కాదురా" అని. చెడిపోలేదు, ఒప్పుకుంటాను. నేను కాపలా కాసే ఈ అగ్నిపర్వతం కదలికలు రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది, ఉలుకూ పలుకూ ఉండదు. మీట నొక్కి ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు పని మొదలుపెడుతుంది.

నేను బాగానే ఉన్నాను. ఈ శాటిలైట్ లైను ఉత్తరాలకు తప్ప దేనికీ చాలదు కాబట్టి ఫొటో అడగకు. కాస్త నల్లబడ్డాను, కాస్త చిక్కాను. కింద ఊళ్ళో చేపలమ్మే ఓమా దోర్సే అనే ముసలావిడ నన్ను దత్తత తీసుకుంది. రోజూ సాగో జావ పోస్తూ, "మీ జావా వాళ్ళకి అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదా పిల్లాడా, ఇది తాగు, ఎముక గట్టిపడుద్ది" అంటుంది. మేం జావా వాళ్ళం కాదు, సుండా వాళ్ళం అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆవిడ ఇల్లు సైరన్ స్తంభం పక్కనే. నీ పెట్టె కొండ వణుకు పసిగట్టి సైరన్‌కి కబురు పెడితే, ఊరంతటికంటే ముందు ఉలిక్కిపడేది ఆవిడే.

వచ్చే పడవలో ఒక జత బూట్లు పంపగలవా? ఉన్నవి అరిగిపోయాయి. వాటితో పాటు కాస్త పెయుయం కూడా. పులిసిన కర్రపెండలం వాసన తగలక నాకు దిగులుగా ఉంది.

నీ
యయత్


బాండుంగ్,
ఆగస్టు, వాన

ఒరేయ్ ఉజాంగ్,

గడ్డం వచ్చినా నువ్వు నాకు ఉజాంగ్‌వే, చిన్నపిల్లాడివే. చిక్కావని రాశావు కాబట్టి పెయుయం రెండింతలు పంపుతున్నాను. బూట్లు కూడా.

నీ పెట్టెకు తోబుట్టువు ఒకటి నా బల్ల మీద ఉంది. వారం నుంచి దాన్ని కుదుపుతున్నాను, తడుతున్నాను. మేడ మెట్ల మీద పెట్టి పిల్లల చేత గెంతించాను కూడా. ఒక్కసారీ ఆగలేదు. నువ్వు అబద్ధాలకోరువన్నా అయ్యుండాలి, నేను తెలివితక్కువదాన్నన్నా అయ్యుండాలి. రెండూ నాకు నచ్చడం లేదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను, కొట్టిపారేయకుండా చదువు. పెట్టెలో మెమరీ చిన్నది. ప్రోగ్రాముకు కావలసినవన్నీ అందులో పట్టవు. అందుకని చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని ముక్కలను, మేం పేజీలు అనేవాటిని, పెట్టె మొత్తాన్ని నడిపించే కర్నెల్ తీసి కార్డు మీద దాచేస్తుంది. తర్వాత ఎవరైనా ఆ పేజీ అడిగితే అది ఉండవలసిన చోట ఉండదు. దాన్ని మేం పేజీ ఫాల్ట్ అంటాం, పడడం అని కూడా అంటాం. అది తప్పేమీ కాదు. కర్నెల్ వెళ్ళి కార్డు మీంచి పేజీ తెచ్చి పెట్టి, ఆగిన పనిని ఆగిన చోటి నుంచే నడిపిస్తుంది. అడిగిన ప్రోగ్రాముకు ఆ సంగతే తెలియదు. చిక్కంతా కర్నెల్ తానే ఏదో పని మధ్యలో ఉండి పడినప్పుడు. దాన్ని పట్టుకునే పెద్దవాళ్ళు పైన ఎవరూ లేరు. అందుకే ఇక్కడ పడవచ్చు అని మేం ఒప్పుకున్న చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ పడితే ఎక్కడ లేవాలో ముందే రాసి ఉంచుతాం. ఆ భాగమంతా నా రాతే. నువ్వు బిగుసుకుపోయిందని రాసినప్పుడు నాకు ఒళ్ళు మండింది అందుకే.

ఎప్పుడు ఆగుతుందో సరిగ్గా గమనించి రాయి.

ఇంకో తలనొప్పి. మా కట్టుబాటు నీకు తెలుసు. రాసినవాళ్ళ పేరు కింద చదివినవాళ్ళ పేరు ఉండాలి, రెండో పేరు లేని కోడ్ ఏ పెట్టెలోకీ వెళ్ళకూడదు. ఇన్నాళ్ళూ పాక్ సలీమ్ గారు నావి చదివేవారు. ఆయన హజ్‌కి వెళ్ళారు. ఈ భాగం తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు, ఆ ఎంకోస్. రెండేళ్ళ కిందట మా నిశ్చితార్థం నాడు అవతల విందు వడ్డిస్తుంటే ఇవతల నా కోడ్‌లో తప్పు పట్టి, గ్రూపులో అందరికీ పంపిన మహానుభావుడు. ఆ పూటతో సంబంధం తెగిపోయింది, అతని గుమ్మం నేను తొక్కను.

అక్క
ఇమాస్


కరేవా కొండ పోస్టు,
ఆగస్టు చివర

తేతేకు,

బూట్లు సరిపోయాయి. పెయుయం ఓమా దోర్సేకి పెట్టాను. వాసన చూసి, "మీ అక్కకి చెప్పు, పాడైపోయినవి పంపిందని" అంది. తర్వాత అంతా తినేసింది.

నువ్వు చెప్పినట్టే గమనించాను. కొండ రోజూ సణుగుతూ ఉన్న వారాల్లో పెట్టె ఎప్పుడూ ఆగదు. కొండ చాలారోజులు నిద్రపోయి, ఆ నిద్రలోంచి మొదటిసారి ఒళ్ళు విరుచుకున్నప్పుడే ఆగుతుంది. ప్రతిసారీ అంతే. చిన్న వణుకులకే కాబట్టి ఇప్పటిదాకా బతికిపోయాం. కానీ ఇది నాకేమీ నచ్చలేదక్కా. కొండ ఊరుకున్నన్నాళ్ళూ చెవులు రిక్కించుకుని కూర్చుని, అది నోరు తెరిచే క్షణానికి చెవిటిదైపోతే ఇక అదెందుకు?

ఇక ఎంకోస్ గారి సంగతి. ఆయనకు ఇంకా పెళ్ళి కాలేదని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు. అంతకంటే నేనేమీ అనను. నాకు ప్రాణమంటే తీపి.

వచ్చే నెల ఇంకో జత బూట్లు దొరుకుతాయా? అదే కొలత. ఈసారి అడుగు మందంగా ఉన్నవి చూడు.

యయత్


బాండుంగ్,
సెప్టెంబరు

యయత్‌కు,

దొరికిందిరా. నీ రెండు వాక్యాలతో దొరికింది. ఆఫీసులో అందరికీ నా డబ్బులతో బాండ్రెక్ తాగించాను. అల్లం ఘాటుకు వచ్చాయని చెప్పాను గానీ, నిజానికి సంతోషంతోనే కళ్ళ నీళ్ళు వచ్చాయి.

విను. కదలిక కొలిచే యంత్రమూ, పేజీలు దాచే కార్డూ రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడకుండా ఆ తీగకు ఒక తాళం పెట్టాం. కర్నెల్ తాళం తీసుకుని, యంత్రం నుంచి కొలతలు అందుకుని, తాళం చేతిలో ఉండగానే వాటిని సైరన్ ప్రోగ్రాము పేజీలో పోస్తుంది. కొండ రోజూ కదిలితే ఆ పేజీ రోజూ వాడకంలో ఉంటుంది, మెమరీలోనే ఉంటుంది. కొండ నెమ్మదించిందా, ఆ పేజీని ఎవరూ ముట్టరు. కర్నెల్ దాన్ని కార్డు మీద దాచేస్తుంది. అప్పుడు మొదటి వణుకు వస్తుంది. కర్నెల్ తాళం తీసుకుంటుంది, పేజీలో పోయబోతుంది, పేజీ ఉండదు, పడుతుంది. పేజీ తేవాలంటే కార్డు దగ్గరికి వెళ్ళాలి. కార్డు దగ్గరికి వెళ్ళాలంటే తీగ తాళం కావాలి. తాళం ఎవరి దగ్గర ఉంది? తన దగ్గరే. తన చేతిలో ఉన్న తాళం ఎవరో తెచ్చిస్తారని తానే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎన్నేళ్ళయినా అలాగే కూర్చుంటుంది.

నా బల్ల మీది పెట్టెను నేను ఒక్కరోజు కూడా ఊరికే ఉండనివ్వలేదు. దానికి పేజీ పోగొట్టుకునే తీరికే దొరకలేదు. అందుకే నాకది ఎన్నడూ కనిపించలేదు. ఆగినప్పుడు దానంతట అదే మళ్ళీ మొదలయ్యేలా చేయవచ్చు, కానీ లేచేసరికి మొదటి కుదుపు పోతుంది. అసలు కావలసింది అదే కదా. సరిగ్గానే బాగుచేస్తాను. అందుకు కొంచెం వ్యవధి ఇవ్వు.

ఉత్తరం ఇక్కడితో ముగించి పంపేయాల్సిందాన్ని. నీ బూట్ల మాట మళ్ళీ చదివాను. పోస్టులో కుర్చీలో కూర్చుని మీట నొక్కేవాడికి ఇంత తొందరగా రెండో జత ఎందుకురా? అందులో అడుగు మందంగా ఉన్నవి ఎందుకు? ఆ పెట్టె ఎక్కడుంది, యయత్?

ఇమాస్


కరేవా కొండ పోస్టు,
సెప్టెంబరు

అక్కా,

చదివేముందు కూర్చో.

పెట్టె పోస్టులో లేదు. పైన, కొండ నోటికి దగ్గరగా రేకుల గుడిసెలో ఉంది. వణుకు అక్కడే బాగా అందుతుంది. రేడియోలో కొలతలు కిందికి వస్తాయి గానీ, కింది నుంచి మీట నొక్కే ఏర్పాటు లేదు. ఆగిపోయిన ప్రతిసారీ నేను ఎక్కి వెళ్ళాలి. పై దారిలో నేల వేడిగా ఉంటుంది, బూట్ల అడుగులు ఊడిపోతాయి. ఆఫీసు వాళ్ళు ఎర్ర కర్రలు పాతి ఇది దాటవద్దన్నారు. గుడిసె ఆ కర్రలకు అవతల ఉంది. నేను దాటుతున్నానని పైవాళ్ళకు చెప్పలేదు.

నీకు రాస్తే పని మానుకుని ఏడుస్తావని రాయలేదు. ఏడుస్తూ తాళాల సంగతి ఆలోచించలేవు కదా.

నేను ఎక్కకపోతే ఏమవుతుందో కూడా చూడు. నేను ఇక్కడ కూర్చుంటే నాకేమీ కాదు. కింద ఓమా దోర్సే, ఆవిడ మనవరాళ్ళు, పడవల వాళ్ళు ఆ సైరన్‌ను నమ్ముకుని పడుకుంటున్నారు. పెట్టె చెవిటిదై ఉండగా నాకు ముద్ద దిగదక్కా.

నిన్నటి నుంచి కొండ ప్రమాద హెచ్చరికను ఒక మెట్టు పెంచారు. మామూలు నుంచి జాగ్రత్తకు. భయపడకు. పొగ తెల్లగానే ఉంది.

యయత్


బాండుంగ్,
సెప్టెంబరు

యయత్,

తిట్లు తర్వాత. అవి చాలా ఉన్నాయి, ఎదురుగా ఉన్నప్పుడు తిడితేనే నాకు తృప్తి.

బాగుచేసిన కోడ్ ఉన్న కొత్త కార్డు ఈ రోజు విమానంలో పంపాను. గురువారం పడవలో నీకు అందుతుంది. అందగానే పెట్టెలో పెట్టు. తాళం చేతిలో ఉండగా పడితే ఇక ఎదురుచూడదు. ముందే రాసిపెట్టిన చోట లేస్తుంది, తాళం వదిలేస్తుంది, పేజీ తెచ్చుకుంటుంది. బల్ల మీద పేజీని బలవంతంగా కార్డు మీదికి నెట్టి పెట్టెను కుదిపి చూశాను. ఆగలేదు. తెర మీద గీత నడుస్తూనే ఉంది.

ఎవరితో చదివించావని అడగకు. ఒక్కసారి పైకి వెళ్ళి ఇది పెట్టి దిగిపో. ఆ తర్వాత నువ్వు ఆ కర్రలు దాటితే నేనే వచ్చి నీ కాళ్ళు విరగ్గొడతాను.

అక్క


కరేవా కొండ పోస్టు,
అక్టోబరు

తేతే ఇమాస్‌కు,

కార్డు అందింది. పెట్టలేదు.

దాని కవరు మీద ఒక్క పేరే ఉంది. తిప్పి చూశాను, వెనకాల కూడా లేదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు నీ పాత కంప్యూటరులో ఏదో చిన్న మార్పు చేసుకుని అందరికీ ఇవ్వబోతే, నువ్వు నా చెవి మెలిపెట్టి ఏమన్నావో గుర్తుందా? "రాసినవాడి కంటికి తన తప్పు కనపడదురా, అందుకే ఇంకొకడి కళ్ళు అరువు తెచ్చుకోవాలి" అన్నావు. ఆ చెవి ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంది.

నువ్వు భయపడి రాశావక్కా. నాకోసం భయపడి రాశావు. నీ అంత తెలివైనదాన్ని నేను చూడలేదు, కానీ భయపడ్డప్పుడు నువ్వూ అందరిలాంటిదానివే. ఓమా దోర్సే ఇంటిని అలాంటి రాత మీద ఉంచలేను. కార్డు నా చొక్కా జేబులో ఉంది. పాతది ఆగితే పాత పద్ధతిలోనే ఎక్కుతాను.

నేను ఎక్కకూడదని నీకుంటే దారి ఒకటే ఉంది. ఆ గుమ్మం తొక్కు. ఎంకోస్ బావ నిన్నేమీ కొరకడు.

బావ అన్నందుకు కూడా తిట్లు దాచిపెట్టుకో.

యయత్


బాండుంగ్,
అక్టోబరు

మా యయత్‌కు,

నీ ఉత్తరం చదివి పళ్ళు నూరుకున్నాను. తర్వాత గొడుగు తీసుకుని వెళ్ళాను.

అతను వాళ్ళమ్మ సురాబీ అట్ల అంగట్లో మూల బల్ల దగ్గరే కూర్చుని పని చేసుకుంటాడు, నీకు తెలుసుగా. మట్టి పెంకుల పొగలో నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"దారి తప్పావా?" అన్నాడు.

"ఇది చదవాలి."

"కూర్చో. అమ్మ సురాబీ వేస్తోంది."

"నేను కూర్చోడానికి రాలేదు."

"నిలబడితే తొందరగా చదవమన్నట్టు ఉంటుంది. తొందరగా చదివితే నీకే నష్టం, ఇమాస్."

కూర్చున్నాను. సురాబీ చల్లారిపోయింది. అతను మొదటి నుంచి చివరికి చదివాడు, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. పడి లేచే చోట వేలు పెట్టి ఆగాడు.

"పడ్డవాణ్ణి లేపావు. తాళం వదిలించావు, పేజీ తెప్పించావు. బాగుంది. మరి చేతిలోంచి ఒలికిపోయిన కొలతల మాటేంటి? మళ్ళీ పొయ్యమని ఎక్కడ రాశావు?"

"పెట్టె ఆగలేదు. నేను కళ్ళారా చూశాను."

"ఆగలేదు, సరే. ఏం చూపించిందో చూశావా?"

నేను చూడలేదు యయత్. గీత నడుస్తోందని సంబరపడ్డాను, అది ఏ గీతో చూడలేదు. వర్క్‌షాపుకు తిరిగొచ్చి అతనూ నేనూ కలిసి చూశాం. పేజీ కార్డు మీంచి వచ్చింది, అందులో ఎప్పటివో నెమ్మది రోజుల కొలతలు ఉన్నాయి. కొత్తవి పోయకుండానే నా కోడ్ పని అయిపోయిందని చెప్పేసింది. బల్ల గడగడా ఊగుతుంటే తెర మీద గీత తిన్నగా, హాయిగా పోతోంది. పాతది బిగుసుకుపోయేది, నీకు తెలిసేది, ఎక్కేవాడివి. ఇది కొండ బద్దలవుతున్నా అంతా బాగుందని చెప్పేది. నువ్వు కింద జావ తాగుతూ నమ్మేవాడివి.

అక్కడే ఏడ్చాను. అతను మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఇద్దరం కలిసి మళ్ళీ రాశాం. ఇప్పుడు లేచాక, ఎంత ఒలికిందో చూసుకుని అంతా మళ్ళీ పోస్తుంది. పోయగలిగితేనే అయిందని చెబుతుంది. ఎన్నిసార్లు పడిందో, ఎన్నిసార్లు లేచిందో కొలతలతో పాటు కిందికి పంపమని కూడా అతనే చేర్చాడు.

అతను వెళ్ళేటప్పుడు అడిగేశాను, "ఆ రోజు నాకొక్కదానికే చెప్పి ఉండొచ్చుగా" అని. "ఆ కోడ్ ఆ పూటే పెట్టెల్లోకి వెళ్ళిపోతోంది, ఆపాలంటే అందరికీ తెలియాలి" అన్నాడు. గుమ్మం దాటబోతూ, "అయినా చెయ్యి కడుక్కుని వచ్చి ముందు నీకు చెప్పాల్సింది. అది నా వల్ల పొరపాటే" అన్నాడు. ఈ రెండేళ్ళూ నేను రాసిన ప్రతి ముక్కా చదువుతూనే ఉన్నాడట. పేరు పెట్టమని ఎవరూ అడగలేదు కాబట్టి పెట్టలేదట.

జేబులో ఉన్న కార్డు విరిచెయ్యి. కొత్తదాని మీద రెండు పేర్లున్నాయి. పైవాళ్ళకు నిజం చెప్పి, అనుమతి తీసుకుని, తోడు మనిషితో వెళ్ళు. ఇదే ఆఖరిసారి.

నా మాట వినని తమ్ముడు ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అక్క


వోరా ఓడరేవు, తరలించినవాళ్ళ గుడారాలలోంచి,
నవంబరు

అక్కకూ, కాబోయే బావకూ,

కంగారు పడకండి. ముందే చెబుతున్నాను, అందరం ఉన్నాం. ఇంతవరకు లైను దొరకలేదు.

పైవాళ్ళకు చెప్పాను. మొదట కేకలేశారు, తర్వాత ఒక మనిషిని తోడిచ్చారు. కొత్త కార్డు పెట్టి దిగాం. ఆ తర్వాత కొండ ఒక్కసారిగా మాట మానేసింది. చాలారోజులు చీమ కదిలినట్టు కూడా లేదు. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ లవంగాలు ఎండబెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో నీకూ నాకూ ఎంకోస్ బావకూ మాత్రమే తెలుసు. నేను రోజూ ఆ పేజీ సంగతే తలచుకున్నాను. ఈపాటికి దాన్ని కార్డు మీద దాచేసి ఉంటుంది అనుకునేవాణ్ణి.

మొన్న మధ్యాహ్నం భోజనం దగ్గర ఉండగా గ్లాసులో నీళ్ళు కదిలాయి. అలవాటు అక్కా, నేను తెర వైపు చూడనేలేదు. బూట్లు లాక్కుని తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాను. ఆగిపోయే ఉంటుంది, ఎక్కాలి అనుకున్నాను. ఒక బూటు అయ్యాక తల ఎత్తాను. గీత కొట్టుకుంటోంది. తెర అంచుల దాకా వెళ్ళి కొట్టుకుంటోంది. కింద చిన్న అక్షరాలలో ఒక వరస వచ్చింది.

పడింది ఒకసారి. లేచింది ఒకసారి.

అది చదువుతుండగానే కింద సైరన్ మోగింది. రెండో బూటు కట్టుకుని, కొండ కదిలినప్పుడు మొదటిసారి పైకి కాకుండా కిందికి పరిగెత్తాను. ఓమా దోర్సే చేపల గంప వదలనంది. గంపతో పాటే ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాను. "మెల్లగా పోరా జావావాడా" అని దారి పొడుగునా నా చెవి పట్టుకుని లాగింది. నువ్వు మెలిపెట్టిన చెవే. మేం రేవు దాటాక కొండ తెరుచుకుంది.

పడవలోంచి చూశాను. గుడిసె ఉన్న వాలు అంతా బూడిద. ఇంతకుముందు లాగా ఆ పెట్టె ఆగి ఉంటే, ఆ వేళకు నేను సరిగ్గా అక్కడ, మీట మీద చెయ్యి వేసి ఉండేవాణ్ణి.

గుడారాల కింద అందరికీ జావ పోస్తున్నారు. ఓమా దోర్సేకి నీ సంగతి చెప్పాను, పెట్టె పడి లేవడం నువ్వు రాశావని, ఇంకొకాయన చదివాడని. ఆవిడ జావ గిన్నె కింద పెట్టి, "ఆ ఇద్దర్నీ విడిగా ఉంచకు" అంది.

బూట్లు ఇంకా కొత్తవిలాగే ఉన్నాయి. ఇక పంపకు.

మీ
యయత్